స దగ్గర సన్నటి ఈల

ఆవిణ్ణి ఆ వీధిలో అందరూ పళ్ళక్క అంటారు. కొత్తవాళ్ళు ఆ పేరు విని అరటిపళ్ళు అమ్ముతుందేమో అనుకుంటారు. ఒకరిద్దరు సంచులు పట్టుకుని మేడెక్కి వచ్చిన రోజులు కూడా ఉన్నాయి. వచ్చి చూస్తే ఏముంది, గోడల పొడుగునా అలమరలు, అలమరల నిండా దవడలు. తెల్లటి ప్లాస్టర్ దవడలు, పైవీ కిందవీ జతలు జతలుగా, ఒక్కోదాని వెనక పెన్సిల్‌తో వేసిన నంబరు.

"తీసుకోండి, ఏ డజను కావాలో," అంటుంది పళ్ళక్క తలెత్తకుండా.

ఆవిడ చేసేది కట్టుడు పళ్ళు. పళ్ళ డాక్టర్లు పేషెంటు నోటి అచ్చు తీసి పంపిస్తారు. దానితో ఒక చీటీ వస్తుంది. నంబరు, పంటి రంగు, పై వరసా కింది వరసా, అంతే. మనిషి పేరుండదు. కిటికీ పక్కన బల్ల, బల్ల మీద స్పిరిట్ దీపం, మైనం ముద్ద, సన్నటి కత్తి. ఇరవయ్యారేళ్ళుగా ఆవిడ లోకం అదే. ఊళ్ళో సగం మంది నవ్వులు తన చేతుల్లోంచి వెళ్ళినవే అయినా, ఆ నవ్వుల్లో ఒక్కటి కూడా ఎదురుపడి తనని పలకరించలేదని ఆవిడే చెప్పుకుని నవ్వుతుంది.

అలాంటిది ఒకరోజు ఒక పై వరస తిరిగొచ్చింది. వెనకాలే డాక్టరు ఫోను. కుర్ర డాక్టరు, మంచివాడు, ఆవిణ్ణి అక్కా అనే పిలుస్తాడు.

"అక్కా, కొలతలన్నీ సరిగ్గానే ఉన్నాయి. కొరుకుతున్నారు, నములుతున్నారు, ఎక్కడా ఒరుసుకోవట్లేదు. కానీ ఆయనకి 'స' రావట్లేదట."

"రావట్లేదా?"

"నాకైతే వస్తున్నట్టే ఉంది. ఆయన ఒప్పుకోవట్లేదు. రెండుసార్లు అరగదీశాను కూడా. ఇంక నావల్ల కాదు. మీరొకసారి వచ్చి చూడండి."

పళ్ళక్క పేషెంట్ల మొహం చూసే మనిషి కాదు. పైగా చేసిన పని తిరిగొస్తే ఆవిడకి ఒళ్ళు మండుతుంది. చేతులు కడుక్కుని, దీపం, మైనం, కత్తి ఒక డబ్బాలో సర్దుకుని, ఆ పై వరస గుడ్డలో చుట్టుకుని, ఆ 'స' ఏమిటో తేల్చుకుందామని బయల్దేరింది.

ఆసుపత్రి కుర్చీలో ఒక పెద్దాయన వెనక్కి వాలి ఉన్నాడు. అరవై అయిదు దాటిన మనిషి. సన్నగా, ఎముకలు లెక్కపెట్టేలా ఉన్నాడు. నోటికి అడ్డంగా చేతిరుమాలు పట్టుకున్నాడు. పళ్ళు లేని నోటితో జనం ఎదుట పడటం ఆయనకి చచ్చేంత సిగ్గని చూడగానే తెలుస్తోంది.

"పాటలు పాడతారక్కా," అన్నాడు డాక్టరు. "ఇంకో తొమ్మిది రోజుల్లో స్టేజి ఎక్కాలట."

ఏదో చిన్న కచేరీ కాబోలు అనుకుంది పళ్ళక్క. "సోమవారం అనండి," అంది.

ఆయన ఆవిడ చేతిలోంచి పళ్ళు తీసుకుని, గోడవైపు తిరిగి పెట్టుకున్నాడు. "సోమవారం."

"సంచి. సీసా. వస్తుస్సు, అదేంటి, వస్తుసామగ్రి." నాలిక ఆవిడకే మడత పడింది.

ఆయన అన్నీ శుభ్రంగా పలికాడు. "మాట్లాడితే బాగానే ఉందమ్మా," అన్నాడు. "పాడితేనే నాది కాకుండా పోతోంది."

"అయితే పాడండి, వింటాను."

ఆయన రుమాలు ఒళ్ళో పెట్టుకున్నాడు. కుర్చీలో కొంచెం లేచి కూర్చుని, గదిలో ఉన్నవాళ్ళకి మాత్రమే వినపడేంత నెమ్మదిగా పాడాడు.

*సగం మాటే చెప్పి సాగిపోయావు, సాయంత్రమా…*

పళ్ళక్క చేతిలో, పళ్ళు చుట్టి తెచ్చిన గుడ్డ కింద పడింది. వంగి తీసుకోవాలని కూడా తోచలేదు.

ఆ పాట తెలియని వాళ్ళు ఆవిడ వయసువాళ్ళలో ఉండరు. మేడమెట్లు అని నలుగురు కుర్రాళ్ళ బ్యాండు. ఎవరూ గది ఇవ్వకపోతే ఎవరింటి మేడమెట్ల మీదో కూర్చుని సాధన చేసేవారట, అదే పేరయింది. పళ్ళక్కకి అప్పుడు పదిహేనేళ్ళు, వాళ్ళక్కకి పద్దెనిమిది. ఇంట్లో వెనక గదిలో, పాత పరుపులు పేర్చిన చోట, అరచేతంత స్పీకరున్న టేపురికార్డరు పెట్టుకుని అక్కాచెల్లెళ్ళు ఆ ఒక్క క్యాసెట్టూ అరిగేదాకా విన్నారు. నాన్నకి వినపడకూడదని సౌండు తగ్గించి, ఇద్దరూ చెరో చెవీ ఆ స్పీకరుకి ఆనించి, బుర్రలు ఢీకొట్టుకుంటూ విన్నారు. ఒకసారి ఆ బ్యాండు తమ ఊరొస్తోందని తెలిసింది. నెలరోజులు బతిమాలితే నాన్న సరేనన్నాడు. ముందురోజే ఇద్దరూ బట్టలు ఇస్త్రీ చేసుకున్నారు. తెల్లారి పేపర్లో పడింది, మేడమెట్లు విడిపోయిందని. నలుగురూ నాలుగు దారులయ్యారని. అక్క రెండురోజులు అన్నం ముట్టలేదు. మూడోరోజు లేచి, తల దువ్వుకుని, క్యాసెట్టు తీసుకెళ్ళి అటక మీద పడేసింది. ఆ తర్వాత ఆ పాటల ఊసెత్తితే లేచి వెళ్ళిపోయేది.

ఇప్పుడు ఆ గొంతు పళ్ళక్కకి రెండడుగుల దూరంలో ఉంది. మూడు వారాలుగా ఆ నోరు తన బల్ల మీదే ఉంది. ఆ అంగిలి మీదే తను మైనం పరిచింది, ఆ చిగుళ్ళ గట్టునే బొటనవేలితో తడిమింది, ఎదురుగా పెట్టుకుని టీ కూడా తాగింది. ముప్పయ్యేడేళ్ళు చెవిలో మోగిన పాట పుట్టిన చోటు అదేనని తనకి ఎవరూ చెప్పలేదు. పక్కనున్న స్టూలు లాక్కుని కూర్చుంది.

"విన్నావుగా," అన్నాడాయన. "ఏమైనా తెలిసిందా?"

తెలిసింది. మొదటి 'స'కే తెలిసింది. ఆ గొంతులో జీర వచ్చి చేరింది, ఊపిరి కొంచెం తగ్గింది, అవన్నీ సరే. కానీ 'స' మాత్రం కొత్త ఇంటి గచ్చులా నున్నగా ఉంది. ఏదో ఒకటి లేదు.

"మీ ముందు పళ్ళు రెండింటికీ మధ్య సందు ఉండేది కదండీ," అంది.

డాక్టరు ఆవిడకేసి చూశాడు. పెద్దాయన చెయ్యి రుమాలు మీదే ఆగిపోయింది.

"నీకెవరు చెప్పారమ్మా? నేను ఫొటోల్లో కూడా నోరు తెరిచేవాణ్ణి కాదు."

"ఎవరూ చెప్పలేదండీ. విన్నాను."

క్యాసెట్టులో ఆయన 'స' అన్నప్పుడల్లా చివర్న సన్నటి ఈల ఒకటి తగిలేది. వెంట్రుకంత. చెవి ఆనించి వింటే తప్ప దొరకదు. అది టేపురికార్డరు లోపమని అక్క వాదన. స్పిరిట్‌లో దూది ముంచి ఎన్నిసార్లు తుడిచిందో లెక్కలేదు. కాదు, అది మనిషిదేనని చెల్లెలి వాదన. ఆ గొడవ తేలలేదు. తర్వాత పళ్ళ పని నేర్చుకునే రోజుల్లో, ముందు పళ్ళ మధ్య సందుంటే గాలి అందులోంచి జారి ఈల వస్తుందని నేర్పే ఆయన చెప్పాడు. పళ్ళక్క ఆ రోజు పని బల్ల దగ్గరే ఒక్కతే నవ్వుకుంది. ఇంటికెళ్ళి చెబుదామంటే అక్క ఆ మాట ఎత్తనివ్వదాయె.

ఇదంతా ఆవిడ ముక్కలు ముక్కలుగా చెప్పింది.

"ఆ సందు చూసి బళ్ళో నన్ను 'గేటు' అని పిలిచేవాళ్ళు," అన్నాడు పెద్దాయన. "జన్మంతా పెదాలు మూసుకునే నవ్వాను. పళ్ళన్నీ పోయాక ఒకటే అనుకున్నా, పీడా పోయింది, ఇప్పుడైనా మంచి వరస పెట్టించుకుందామని. డాక్టరుగారికి నేనే చెప్పాను, ఎక్కడా సందు లేకుండా చెయ్యమని."

"చీటీలో అలాగే రాశాను," అన్నాడు డాక్టరు.

"నేను అలాగే చేశాను," అంది పళ్ళక్క.

ముగ్గురూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు.

పళ్ళక్క లేచి డబ్బా విప్పింది. దీపం వెలిగించింది. ముందు పళ్ళు రెండూ ఊడదీసి, మైనంలో మళ్ళీ నిలబెట్టింది. సందు ఎంత ఉండేదో ఆయనకి తెలీదు. అద్దంలో చూసుకునేవాడే కాదట. పాత ఫొటో ఒక్కటీ పనికిరాదు. కొలతకి ఉన్న ఆధారం పళ్ళక్క చెవి ఒక్కటే.

ముందు కాగితం మందాన ఎడం పెట్టింది. ఆయన పెట్టుకుని పాడాడు. ఆవిడ తల అడ్డంగా ఊపింది. మైనం వేడిచేసి ఇంకొంచెం జరిపింది. మళ్ళీ పాడాడు. మళ్ళీ కాదంది.

"నాకు నా గొంతు లోపల్నుంచి వినపడేదమ్మా," అన్నాడాయన నాలుగోసారి పళ్ళు తీసి ఇస్తూ. "బయటికి ఎలా ఉండేదో నాకేం తెలుసు? నువ్వే చెప్పాలి."

ఆ మాటకి పళ్ళక్క కత్తి పక్కన పెట్టింది. ఎవరి పాట విని తను పెరిగిందో ఆ మనిషి, నా పాట ఎలా ఉండేదో చెప్పమని తననే అడుగుతున్నాడు. ఆవిడ కళ్ళు మూసుకుంది. వెనక గదిలోకి వెళ్ళి, పరుపుల పక్కన కూర్చుని, అక్క బుర్రకి బుర్ర ఆనించి చెవి ఒగ్గింది.

*సగం మాటే చెప్పి…*

"ఎక్కువైందండీ. కుక్కర్ కూత పెట్టినట్టుంది."

డాక్టరు పక్కకి తిరిగి నవ్వుకున్నాడు. ఆయన కూడా నవ్వాడు, రుమాలు అడ్డం పెట్టుకోవడం మర్చిపోయి. బయట వరండాలో వంతు కోసం కూర్చున్నవాళ్ళు ఎప్పుడో మాటలు మానేశారు. బుగ్గ వాచిన ఒకావిడ తలుపు దగ్గరికొచ్చి నిలబడి, లోపల ఏం జరుగుతోందో తెలియక, అయినా కదలకుండా చూస్తోంది.

ఏడోసారి వచ్చింది. 'సగం' అన్నమాటలో స అంటుకుంది, అంటుకుని చివర్న వెంట్రుకంత తోక విడిచింది. పళ్ళక్క కళ్ళు తెరవలేదు. తెరవకుండానే చెయ్యి ఎత్తి, ఇంక చాలన్నట్టు ఊపింది. ఆయన ఆపలేదు. పాటంతా పాడాడు.

అన్నీ సర్దుకుని కిందికి దిగుతూ పళ్ళక్క మెట్ల మధ్యలో కాసేపు కూర్చుంది.

నాలుగు రోజుల్లో పళ్ళు తయారయ్యాయి. తీసుకున్న రోజు పెద్దాయన డాక్టరు చేత రెండు పాసులు పంపించాడు. ఆదివారం మధ్యాహ్నం మూడింటికి ఆట, మేడమెట్లు నలుగురూ ఇన్నేళ్ళకి మళ్ళీ కలిసి. నలుగురిలో ఇద్దరికి చీకటి పడితే కళ్ళు ఆనవట, అందుకే పగలు పెట్టుకున్నారట. దానితో ఒక మాట కూడా చెప్పి పంపాడు. పళ్ళ సంగతి మాత్రం మన ముగ్గురి మధ్యే ఉండనివ్వమని.

పళ్ళక్క పాసులు తీసుకుని అక్క ఇంటికి వెళ్ళింది. అక్క టెలిఫోన్ ఆఫీసులో పనిచేసి కిందటేడు వాలంటరీ రిటైర్మెంటు తీసుకుంది. బావ ముందు గదిలో పేపరు చదువుతున్నాడు. అక్క బాల్కనీలో ఆరిన బట్టలు మడతపెడుతోంది. పాసులు చూసి, కళ్ళజోడు పైకి తోసుకుని, మళ్ళీ చూసింది.

"ఇవెక్కడివే నీకు? టికెట్లు గంటలో అయిపోయాయట కదా."

"తెలిసినవాళ్ళిచ్చారు." అంటే టికెట్ల సంగతి అక్కకి ముందే తెలుసన్నమాట. పళ్ళక్క ఆ మాట పట్టుకోలేదు.

"నేను రాను."

"ఎందుకు రావు?"

"ఆ రోజు ఇస్త్రీ చేసుకున్న బట్టలు ఇప్పుడు నాకు పడతాయా?" అక్క దుప్పటి అంచులు కలుపుతూ అంది. "ఇదీ అంతే. వాళ్ళు ముసలాళ్ళయిపోయారు. నేనూ అయ్యాను. నాకు గుర్తున్నంత వరకూ బాగానే ఉంది, దాన్ని పాడుచేసుకోవడం దేనికి? వెళ్ళి ఆయన దగ్గుతూ పాడితే చూడమంటావా?"

"దగ్గడు."

"నీకెలా తెలుసు?"

పళ్ళక్క నాలిక కొరుక్కుంది. "ఏమో, దగ్గడనిపిస్తోంది."

ముందు గదిలోంచి బావ గొంతు వినిపించింది. "మొన్నటి నుంచి స్నానాల గదిలో ఆ పాటే పాడుతోంది మీ అక్క. తీసుకెళ్ళమ్మా, పుణ్యముంటుంది."

అక్క దుప్పటి మడత తప్పింది. విప్పి మళ్ళీ మొదట్నుంచి మడతపెట్టింది.

ఆదివారం వెళ్ళారు. పళ్ళక్క ఏదో వందమంది వస్తారనుకుంది. హాలు బయట వరస వీధి చివరి మలుపు తిరిగింది. అందరివీ నెరిసిన తలలే. మోకాళ్ళకి పట్టీలు వేసుకున్నవాళ్ళు, నడుముకి దిండు తెచ్చుకున్నవాళ్ళు, కళ్ళజోళ్ళు రెండు జతలు మెళ్ళో వేలాడదీసుకున్నవాళ్ళు. మెట్లెక్కడానికి ఒకళ్ళ చెయ్యి ఒకళ్ళు పట్టుకుంటున్నారు. మొహాలు చూస్తే మాత్రం పరీక్షలయిపోయిన రోజు బళ్ళోంచి బయటపడ్డ పిల్లల్లా ఉన్నాయి. ఎవరూ ఎవరికీ తెలీదు, అయినా అందరూ అందరితోనూ మాట్లాడుతున్నారు.

లోపల వాళ్ళ పక్క సీట్లో ఒక నర్సు కూర్చుంది. డ్యూటీ దిగి సరాసరి వచ్చినట్టుంది, బట్టలు కూడా మార్చుకోలేదు.

"మాది వంటింటి వెనక సామాన్ల కొట్టండీ," అంది తనంతట తనే. "నేనూ మా పెద్దమ్మ కూతురూ అక్కడ దూరి వినేవాళ్ళం. మీరు?"

"వెనక గది," అంది అక్క. "పాత పరుపుల దగ్గర."

ముందు వరసలో లావుపాటాయన వెనక్కి తిరిగాడు. "మాకు గదులెక్కడివమ్మా, నీళ్ళ ట్యాంకు వెనక. వానొస్తే గొడుగు పట్టేవాళ్ళం, మాకు కాదు, రికార్డరుకి."

పళ్ళక్క తల తిప్పి హాలంతా చూసింది. ఇన్నేళ్ళూ ఆ పాట తమ ఇద్దరిదే అనుకుంది. ఆ వెనక గది గోడలు దాటి అదెక్కడికీ వెళ్ళలేదనుకుంది. ఇప్పుడు చూస్తే మూడువేల మంది, మూడువేల వెనక గదుల్లోంచి లేచి వచ్చి కూర్చున్నారు.

దీపాలు తగ్గాయి. నలుగురు ముసలాళ్ళు ఒకరి వెనక ఒకరు స్టేజి మీదికి వచ్చారు. డ్రమ్ములాయన మణికట్టుకి కట్టు కట్టుకున్నాడు. గిటారాయన తల మీద ఒక్క వెంట్రుక లేదు. పెద్దాయన మధ్యలో నిలబడి, జనాన్ని చూసి, పెదాలు మూసుకునే నవ్వాడు.

"అయ్యో," అంది అక్క చిన్నగా. "ఎంత పాడైపోయాడే."

అంతే, డ్రమ్ము మీద మొదటి దెబ్బ పడింది.

అది చెవిలోకి రాలేదు. నేలలోంచి వచ్చి, కాళ్ళ మీదుగా పాకి, గుండెలో కూర్చుంది. పళ్ళక్క కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుంది. అరచేతంత స్పీకర్లోంచి, నాన్నకి వినపడకుండా, చీమ నడిచినంత చప్పుడుగా విన్న పాట అది. దానికి ఇంత ఒళ్ళుందని ఎవరికి తెలుసు? చిన్నప్పట్నుంచీ కిటికీ కన్నంలోంచి చూస్తున్న కొండ దగ్గరికి ఎవరో చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి, తలెత్తి చూడమన్నట్టుంది. అక్క నోరు కొంచెం తెరుచుకుంది. మూయలేదు.

అంతటితో అయిపోలేదు. పాట అడుగున ఇంకో పాట నడుస్తోంది. లావుగా, నెమ్మదిగా, పైనున్న వరసకి ఎదురు జవాబు చెబుతూ. క్యాసెట్టులో అది లేదు. అక్షరం అక్షరం కంఠతా వచ్చిన పాటలో తాము ఒక్కసారి కూడా వినని వరస. అక్కాచెల్లెళ్ళిద్దరూ ఒకేసారి ఒకరివైపొకరు తిరిగారు.

"ఇదెక్కడిదే?" అంది అక్క.

"అడుగో," అంది పళ్ళక్క. స్టేజికి ఎడమపక్క, దీపం సరిగ్గా పడని చోట, పొట్టిగా ఉన్న నాలుగో ఆయన లావు తీగల గిటారు మోగిస్తున్నాడు. ఎవరినీ చూడటం లేదు. తన కాలి బొటనవేలి కేసి చూసుకుంటూ వాయిస్తున్నాడు.

"ఈయన అప్పుడూ ఉన్నాడా?"

"నలుగురని కదా చెప్పుకునేవాళ్ళం. ఉండే ఉంటాడు."

అక్క ఇంక ఆయన మీంచి చూపు తిప్పలేదు.

అయిదో పాట 'సాయంత్రమా'. మొదటి మీటు వినగానే హాలంతా ఒక్కసారి ఊపిరి పీల్చింది. పళ్ళక్క మాత్రం కుర్చీ అంచుకి జరిగింది. పై పళ్ళు అంగిలికి అంటుకుని నిలవాలి. నోరు అంత పెద్దగా తెరిచి, అంత ఊపిరి బయటికి తోస్తే గాలి చొరబడి వదులయ్యే ప్రమాదముంది. ఆ సంగతి ఆ మూడువేల మందిలో ఆవిడకొక్కదానికే తెలుసు.

*సగం మాటే చెప్పి సాగిపోయావు, సాయంత్రమా…*

ఈల వచ్చింది. మూడు స-లకీ మూడుసార్లు, వెంట్రుకంత. ఇప్పుడు ఆ వెంట్రుక హాలు ఈ చివర్నుంచి ఆ చివరికి సాగింది.

అక్క చెల్లెలి మోచెయ్యి పట్టుకుంది. తర్వాత చెవి దగ్గరికి వంగింది.

"అయితే టేపురికార్డరుది కాదన్నమాట."

"కాదు."

"నేను దాన్ని ఎంత తుడిచానో."

"తెలుసు."

"నువ్వు చెప్పావు. నేనే వినలేదు." అక్క కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుంది. "ఇన్నేళ్ళకి కూడా చెక్కుచెదరలేదు చూడవే. మనిషిలో అన్నీ పోయినా అది అలాగే ఉంది. ఎంత ఆశ్చర్యం."

పళ్ళక్క నోటిదాకా వచ్చిన మాటని మింగింది. మింగడం అంత కష్టంగా కూడా అనిపించలేదు. అక్క మొహంలో ఆ వెలుగు చూశాక, చెప్పి తను సంపాదించేదేముంది?

పాట రెండో చరణంలో పైకి ఎక్కే చోట పెద్దాయన వెనక్కి తిరిగాడు. నీళ్ళసీసా అందుకుని, జనానికి వీపు పెట్టి రెండు క్షణాలు నిలబడ్డాడు. అందరూ గొంతు తడుపుకుంటున్నాడనుకున్నారు. బొటనవేలితో అంగిలి ఒత్తుకుంటున్నాడని పళ్ళక్కకి తెలుసు. తన బొటనవేలు తనకి తెలియకుండానే ఒళ్ళో గట్టిగా నొక్కుకుంది. ఈలోగా జనం ఆగలేదు. ఆయన వదిలిన చోటు నుంచి మూడువేల గొంతులూ అందుకున్నాయి. కొందరు శ్రుతి తప్పారు, కొందరు ముందుకి పరిగెత్తారు, నర్సు ఏడుస్తూ పాడుతోంది, ముందాయన లేచి నిలబడి పాడుతున్నాడు. ఎన్నడూ గట్టిగా పాడుకోలేని పాట. ఎప్పుడూ గొంతు నొక్కుకుని, తలుపు వేసుకుని, పెద్దవాళ్ళకి భయపడి పాడుకున్న పాట. ఇప్పుడు భయపడటానికి పెద్దవాళ్ళెవరూ మిగల్లేదు. అక్క లేచింది. టెలిఫోన్ ఆఫీసులో ముప్పయ్యేళ్ళు లోగొంతుతో మాట్లాడిన మనిషి, గుండె నిండా ఊపిరి తీసుకుని పాడింది.

పెద్దాయన ఇటు తిరిగి, పాడకుండా అలా నిలబడి విన్నాడు. వింటూ వింటూ నవ్వాడు. నోరు పూర్తిగా తెరిచి, ముందు పళ్ళు రెండూ, వాటి మధ్య సందూ అందరికీ కనపడేలా నవ్వాడు. తర్వాత అందుకుని పై మెట్టు ఎక్కాడు. పళ్ళు కదల్లేదు.

ఆట అయ్యాక జనం నెమ్మదిగా కదిలారు. ఎవరికీ బయటికి వెళ్ళాలని లేదు. నర్సు ఇద్దరి చేతులూ పట్టుకుని ఊపి, పేరైనా అడక్కుండా వెళ్ళిపోయింది. అక్క మాత్రం కూర్చునే ఉంది. వరసలన్నీ ఖాళీ అయ్యాయి. పనివాళ్ళు స్టేజి మీద వైర్లు చుట్టడం మొదలుపెట్టారు.

"వెళ్దామా?" అంది పళ్ళక్క.

"ఉండు," అంది అక్క. లేచి, బయటికి కాకుండా స్టేజి వైపు నడిచింది. పళ్ళక్క గబగబా వెనకాలే వెళ్ళింది, పెద్దాయన ఎదురుపడి ఏం పలకరిస్తాడోనని. కానీ స్టేజి అంచున ఉన్నది ఆయన కాదు. నాలుగో ఆయన. ఒక పెట్టె మీద కూర్చుని తన వైరు తనే చుట్టుకుంటున్నాడు.

అక్క ఆయన ముందు నిలబడింది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు బ్యాగు అటూ ఇటూ మార్చుకుంది.

"మీకు ఒకటి చెప్పాలండీ. మీరు ఉన్నారని మాకు తెలీదు."

ఆయన తలెత్తాడు.

"మా టేపురికార్డరు చాలా చిన్నది. అందులో మీరు వినపడేవారు కాదు. ఆ పాటలన్నీ మాకు నోటికొచ్చు. మీ ముక్క మాత్రం ఇవాళే విన్నాం." అక్క గొంతు సర్దుకుంది. "ఇన్నేళ్ళూ వినకపోవడం మా తప్పు కాదు కానీ, ఎందుకో చెప్పకుండా వెళ్ళబుద్ధి కాలేదు."

నాలుగో ఆయన వైరు చుట్టడం ఆపాడు. కోపగించుకుంటాడేమో అనుకుంది పళ్ళక్క. ఆయన భుజాలు కదిలేలా నవ్వాడు.

"మా ఇంట్లో కూడా వినపడేవాణ్ణి కాదమ్మా," అన్నాడు. "మా అమ్మ క్యాసెట్టు పెట్టుకుని, ఇందులో నువ్వెక్కడున్నావురా అని అడిగేది. చూపించలేకపోయేవాణ్ణి." పక్కనున్న గిటారు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. "వైరు పీకేశాను, ఇప్పుడు చప్పుడు రాదు. చెయ్యి ఇలా పెట్టండి."

అక్క చెల్లెలి వైపు చూసింది. తర్వాత బ్యాగు కింద పెట్టి, ఆ గిటారు చెక్క మీద అరచెయ్యి ఆనించింది. పళ్ళక్క కూడా పక్కన చోటు చూసుకుని ఆనించింది. ఆయన 'సాయంత్రమా' అడుగు వరస మొదట్నుంచి మోగించాడు. పైకి చెవికి అందేది దాదాపు ఏమీ లేదు. చెక్కలోంచి మాత్రం ఒక్కో మీటూ అరచేతిలోకి, అక్కణ్ణించి మోచేతిదాకా వస్తోంది. అక్క పెదాలు కదులుతున్నాయి, పై వరస లోలోపల కలుపుకుంటోంది. ఎక్కడ మాట ఆగుతుందో అక్కడ ఆయన వేలు కదులుతోంది. ఇద్దరూ ఒకే చోట మొదలై ఒకే చోట ఆగుతున్నారు.

ఎవరో పనివాడు హాలు తలుపులు మూయాలని కేకేశాడు. అయిపోవచ్చిందని నాలుగో ఆయన చెప్పి, చివరి వరస ఇంకోసారి తిప్పి వాయించాడు. అక్క చెయ్యి తియ్యలేదు.